గుడ్లగూబగారి హాజరు

సాయంత్రం ఆరయ్యేసరికి మేడం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, జుట్టు సర్దుకుని, గొంతు సవరించుకుని, "అందరికీ వినిపిస్తోందా?" అని అడిగేది. అటునుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. తెర నిండా నల్లటి డబ్బాలు, డబ్బాకో పేరు. ఆ పేరు వెనకాల మనిషి ఉన్నాడో, ఆరేసిన చొక్కా ఉందో కనుక్కునే దారి లేదు. ఒకసారి మాత్రం ఎవరి మైకో ఆపడం మర్చిపోతే గురక వినిపించింది. మేడం ఆ గురకకే పొంగిపోయింది. పోనీలే, ఒక్క ప్రాణమైనా ఉంది కదా అనుకుంది.

ఆమె చెప్పేది గణాంకాల పాఠం. ఉద్యోగాలు చేసుకుంటూ డిగ్రీ చదివేవాళ్ల కోసం కాలేజీవాళ్లు పెట్టిన ఆన్‌లైన్ కోర్సు అది. విద్యార్థులంటే మీసాలు మొలుస్తున్న కుర్రకారు కాదు. నర్సులు, బేకరీలో పనిచేసేవాళ్లు, బస్సు నడిపేవాళ్లు, గోడౌన్ కాపలాదార్లు. వాళ్లకి సగటు అంటే ఏమిటో, నమూనా అంటే ఏమిటో, కొద్దిమందిని అడిగి ఊరందరి సంగతీ ఎలా చెప్పొచ్చో వివరించి వివరించి మేడం గొంతు గరగరలాడేది. ల్యాప్‌టాప్ మూశాక, ఇంతసేపూ వంటింటి గోడకి పాఠం చెప్పినా ఇదే ఫలితం కదా అనిపించేది. వంటింటి గోడైతే కనీసం నల్లగా ఉండదు.

ఇలా ఉండగా ఆ కోర్సు చూసుకునే హెడ్ సారు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఈ హెడ్ సారికి ఒక అలవాటుంది. ఏం రాసినా "దయచేసి గమనించగలరు" అని మొదలుపెడతాడు. ఇంట్లో భార్యకి కూడా "దయచేసి గమనించగలరు, గొడుగు మర్చిపోయాను" అనే పంపుతాడని ఆఫీసులో చెప్పుకుంటారు. మేడంకి వచ్చింది మాత్రం గొడుగు కబురు కాదు.

"దయచేసి గమనించగలరు, మీ లైవ్ క్లాసుకి స్పందన లేదు. వచ్చే టర్ము నుంచి పాఠాలు రికార్డు చేసి పెట్టేసే ఆలోచనలో ఉన్నాం. ఈ టర్ము చివర నేనే స్వయంగా క్లాసులో కూర్చుని చూసి నిర్ణయం తీసుకుంటాను."

ఇందులో మెలిక మేడంకి వెంటనే తెలిసింది. పాఠాన్ని ఒకసారి వీడియోలోకి ఎక్కించేశాక ఇంక పంతులమ్మతో పనేముంది? ఆమెది కాంట్రాక్టు కొలువు. క్లాసు బతికితే కొలువు బతుకుతుంది. క్లాసు పోతే ఆమె ఇంట్లో కూర్చుని తన వీడియోలు తనే చూసుకోవాలి.

ఇంట్లో కూర్చోవడంలో ఆరితేరినవాడు ఆ ఇంట్లో అప్పటికే ఒకడున్నాడు. మేడంకి స్వయానా బాబాయి. మనిషి వైరింగ్ పనిలో సిద్ధహస్తుడు, చదువులో సగంలో దిగిపోయినవాడు, తుంటరితనంలో మాత్రం పట్టా పుచ్చుకున్నవాడు. తనుండే బిల్డింగులో సరదాకి లిఫ్టు తలుపు మీద "పనిచేయదు" అని బోర్డు పెట్టాడు. జనం ఆయాసపడుతూ మెట్లెక్కుతుంటే గుమ్మంలో నిలబడి "అయ్యో పాపం" అంటూ సానుభూతి పంచాడు. తీరా తను దిగాల్సి వచ్చేసరికి, ఇరుగుపొరుగంతా చూస్తుండగా లిఫ్టెక్కలేక మెట్లు పట్టాడు. మూడో అంతస్తు నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేదాకా చూసుకునేవాళ్లు కావాలని అన్నకూతురి ఇంటికి చేరాడు. ఆ బోర్డు ఎవరు పెట్టారో ఆ బిల్డింగులో ఇవాళ్టికీ తెలియదు.

"ఏంటమ్మాయ్, మొహం అలా వాడిపోయింది?" అన్నాడు స్టూలు మీద కట్టుకాలు సర్దుకుంటూ.

మేడం సంగతంతా చెప్పింది.

"ఓస్, ఇంతేనా! నీ క్లాసులో మాట్లాడేవాళ్లు లేరు. నా నోటికి పని లేదు. సరిపోయిందిగా."

"బాబాయ్, దండం పెడతా. నువ్వు నా క్లాసు దరిదాపులకి రావొద్దు."

"కాలు విరిగినవాణ్ణి, ఎక్కడికొస్తానే!" అని అమాయకంగా కళ్లు ఆర్పాడు. ఆయన అమాయకంగా కళ్లు ఆర్పాడంటే ఎవరికో మూడిందని ఇంటిల్లిపాదికీ తెలుసు.

మేడం తన దారి తను వెతుక్కుంది. నెట్‌లో క్లాసుల కోసం ఒక గోడలాంటిది దొరికింది. మేడం దాని మీద ప్రశ్న పెడుతుంది. విద్యార్థులు బటన్ నొక్కి జవాబు ఎంచుకోవచ్చు, కావాలంటే చీటీ రాసి అంటించొచ్చు. రాసేవాళ్లకి సిగ్గు ఉండకూడదని, మొదటిసారి లోపలికి వచ్చినప్పుడే ఒక్కో అకౌంటుకి ఒక జంతువు పేరూ బొమ్మా అదే ఇచ్చేస్తుంది. ఏ జంతువు ఎవరో పంతులమ్మకి కూడా తెలియదు. ఎవరి పేరున బటన్ నొక్కారో మాత్రం లెక్క వస్తుంది. మేడం ఇంకో ముడి కూడా వేసింది. "ప్రశ్నకి బటన్ నొక్కినవాళ్లకే హాజరు" అని ప్రకటించింది.

ఆ మాటతో హాజరు ఒక్కసారిగా లేచి కూర్చుంది. ప్రశ్న పడటం ఆలస్యం, బటన్లు టపటపా నొక్కేవారు. కానీ గోడ మీద చీటీ మాత్రం ఒక్కటి పడితే ఒట్టు. నొక్కడం, మాయమవడం. బెల్లు కొట్టి పారిపోయే పిల్లల్లాగా.

గోడ పెట్టాక మూడో క్లాసులో నమూనా పాఠం మొదలైంది. మేడం గోడ మీద ప్రశ్న పెట్టింది. "ఒక బస్టాపులో నిలబడ్డ పదిమందిని అడిగితే, తొమ్మిదిమంది మాకు బస్సు ప్రయాణమే ఇష్టం అన్నారు. కాబట్టి ఊళ్లో జనమంతా బస్సునే ఇష్టపడుతున్నారని చెప్పొచ్చా?"

బటన్లు టపటపా మోగాయి. ఆ వెనకే టప్పుమని ఒక చీటీ పడింది. పక్కన గుడ్లగూబ బొమ్మ.

"బస్టాపులో నిలబడ్డవాడు బస్సు ఇష్టమనక ఏనుగు అంబారీ ఇష్టమంటాడా? ఆ తొమ్మిదిమంది సంగతి వదిలేయండి. నా అనుమానమంతా ఆ పదోవాడి మీదే. బస్సు ఇష్టం లేనివాడికి బస్టాపులో ఏం పని? జేబులు చూసుకోండి."

మేడం నవ్వాపుకోలేకపోయింది. ఆ తర్వాత అనుమానమొచ్చి తల తిప్పింది. పక్క గదిలో బాబాయి ఒళ్లో పాత ట్యాబు. విద్యార్థుల వైపు నుంచి గోడ ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి కాలేజీ ఇచ్చిన ఉత్తుత్తి అకౌంటొకటి దాంట్లో తనే తెరిచి పెట్టుకుంది. బాబాయి ఆమెని చూసి కళ్లు ఆర్పాడు.

లేచి వెళ్లి ట్యాబు లాక్కోబోతుండగా గోడ మీద ఇంకో చీటీ పడింది. తాబేలు బొమ్మ.

"మాటలు జాగ్రత్త గుడ్లగూబగారూ. ఆ పదోవాణ్ణి నేనే. వాన పడుతోందని బస్టాపులోకొచ్చి నిలబడ్డాను. వానకి తడవకుండా నిలబడటం కూడా దొంగతనమేనా?"

వెంటనే కుందేలు దూకింది. "వానలో నిలబడ్డవాళ్లని అడిగితే ఊళ్లో సగంమంది గొడుగు లేనివాళ్లే అని తేలుతుంది."

దాని వెనక కొంగ. కొంగ వెనక ఉడుత. తెర నిండా చీటీలు. మేడం ట్యాబు సంగతి మర్చిపోయి ల్యాప్‌టాప్ ముందుకొచ్చి కూర్చుంది. "అదే! కుందేలు చెప్పిందే ఇవాళ్టి పాఠం! మనం ఎక్కడ నిలబడి అడిగామన్నదాన్నిబట్టి జవాబు మారిపోతుంది..." అని అందుకుంది. ఆ రోజు పాఠం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో ఆమెకే తెలియలేదు.

క్లాసయ్యాక బాబాయి ముందుకొచ్చి నిలబడింది. తిట్టాలని నోరు తెరిచింది. తిట్టు రాలేదు.

"ఈ ఒక్క క్లాసుకే," అంది.

"ఒక్కదానికే," అన్నాడు బాబాయి గంభీరంగా.

ఒక్కటీ రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఆరవుతోందంటే బాబాయి తల దువ్వుకుని ట్యాబు ముందు కూర్చునేవాడు. కనపడని మనిషికి తల దువ్వుకోవడం దేనికని మేడం అడిగితే, "క్లాసుకి పోతూ చింపిరి జుట్టేసుకుని పోతారా? మర్యాదుండొద్దూ?" అనేవాడు. గోడ మీద గుడ్లగూబకీ తాబేలుకీ రోజూ కయ్యమే. సగటు పాఠంలో గుడ్లగూబ, "నేను రెండు గంటలు పనిచేస్తా, మా ఆవిడ పద్నాలుగు గంటలు చేస్తుంది. సగటున ఇద్దరం ఎనిమిదేసి గంటలు కష్టపడుతున్నాం. ఇంతకంటే న్యాయమైన సంసారం ఉందా?" అని రాస్తే, తాబేలు "ఆ పద్నాలుగు గంటలావిడ ఫోన్ నంబరు ఇవ్వు నాయనా, కాస్త మాట్లాడాలి" అని అంటించింది. నిజానికి బాబాయికి పెళ్లే కాలేదు. ఇచ్చేందుకు నంబరు లేక, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

మేడం ఆ జోకుల్లోంచే మర్నాటి పాఠం అల్లుకునేది. గొంతు గరగర కూడా తగ్గింది. ఒక్క సంగతి మాత్రం కాలికింద గులకరాయిలా గుచ్చుకునేది. గోడ మీద తప్పుల తడక జవాబులు రాసే జనం, ఇంటి దగ్గర చేసి పంపే లెక్కల్లో మాత్రం అన్నీ ఒప్పులే పంపేవాళ్లు. అందులో ఒక్క జోకు ఉండదు, ఒక్క తొట్రుపాటు ఉండదు. గోడ దగ్గర అంత గలగలలాడేవాళ్లు కాగితం దగ్గరికొచ్చేసరికి ఇంత పొదుపా అనుకునేది. సిగ్గు కాబోలు అని తనకి తనే సర్దిచెప్పుకునేది.

టర్ము చివరికొచ్చింది. హెడ్ సారు నుంచి మెసేజ్.

"దయచేసి గమనించగలరు, మీ క్లాసు అంకెలూ, గోడ మీద చీటీలూ చూసి చాలా సంతోషించాను. రేపు నేను వస్తున్నాను. విద్యార్థులందరూ కెమెరాలు ఆన్ చేసి తమని తాము పరిచయం చేసుకోవాలి. ముఖ్యంగా గుడ్లగూబ అనే విద్యార్థిని చూడాలి. మన కాలేజీ సభలో ఆ విద్యార్థి చేత మాట్లాడించాలని ఉంది."

మేడం ఫోను బాబాయి ముందు పడేసింది. బాబాయి దాన్ని తీసి, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మొహం మతాబులా వెలిగింది.

"సభలోనా? ఏం మాట్లాడమంటావు?"

"బాబాయ్!"

"కంగారెందుకే? మీసం తీసేస్తాను. పాతికేళ్లు తగ్గిపోతాను."

"తలకాయ మొత్తం తీసేసినా నీకు పాతికేళ్లు తగ్గవు."

"అయితే కెమెరా పాడైందని చెప్తా. లిఫ్టు మీద బోర్డు పెట్టినట్టు దీని మీద కూడా ఒక బోర్డు పెట్టేద్దాం."

"ఆ బోర్డు వల్లే నువ్విక్కడున్నావు, గుర్తుందా?"

బాబాయి కట్టుకాలి మీద తువ్వాలు కప్పేశాడు.

మేడం మర్నాటి పాఠం తెరిచి చూసుకుంది. టర్ములో ఆఖరి పాఠం అది. నమూనాలో దొర్లే తప్పుల గురించి. "ఎంతమంది చెప్పారన్నది కాదు, చెప్పింది ఎవరన్నది చూడాలి" అని పెద్ద అక్షరాలతో తనే రాసుకుంది. పక్కగదిలో దొంగ గుడ్లగూబని కూర్చోబెట్టుకుని ఆ మాట పలకడానికి నోరెలా వస్తుంది? హెడ్ సారికి చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే, ఆ తాబేలూ కుందేలూ ఉన్నారే, ఇన్నాళ్లూ తోటి విద్యార్థి అనుకుని మనసిచ్చి మాట్లాడినవాళ్లు, వాళ్లకి పాఠం చెప్పడం తనవల్ల కాదు. కొలువు పోతే ఇంకోటి వెతుక్కోవచ్చులే అని ఆమె అనుకోలేదు. అది దొరకదని తెలుసు. అయినా ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయితో, "రేపు నేనే చెప్పేస్తాను" అంది.

"పంతులమ్మవనిపించుకున్నావు," అన్నాడు బాబాయి. మొదటిసారి ఆ మాటలో వెటకారం లేదు.

మర్నాడు ఆరింటికి హెడ్ సారు టై కట్టుకుని తెర మీద ప్రత్యక్షమయ్యాడు. మిగతావన్నీ నల్ల డబ్బాలే. సారు గొంతు సవరించుకుని, "దయచేసి గమనించగలరు, అందరూ కెమెరాలు..." అంటుండగా మేడం అడ్డుపడింది.

"సార్, ముందు నాదొక మాట ఉంది. గుడ్లగూబ మన విద్యార్థి కాదు. మా బాబాయి. గోడ ఖాళీగా ఉందని ఆయన సరదాకి రాస్తే నేను ఆపలేదు. తప్పు నాదే."

అని ల్యాప్‌టాప్ పక్కగది వైపు తిప్పింది. ఇక్కడే చిన్న పొరపాటు జరిగింది. తెరలో నడుము పైభాగమే కనిపిస్తుందని బాబాయి పైన ఇస్త్రీ చొక్కా తొడిగి, కింద పూల నిక్కరుతో సరిపెట్టుకున్నాడు. మేడం తిప్పిన తిప్పుడుకి నిక్కరుతో సహా, స్టూలు మీద కట్టుకాలుతో సహా అన్నీ దర్శనమిచ్చాయి.

"నమస్కారమండీ," అన్నాడు బాబాయి, చేతికందిన దిండు ఒళ్లోకి లాక్కుంటూ.

హెడ్ సారు నోరు తెరిచాడు. "దయచేసి..." దాకా వచ్చి ఆగిపోయాడు.

మేడం తలొంచుకుంది. అయిపోయింది, క్లాసూ పోయింది, కొలువూ పోయింది అనుకుంది. అంతలో నల్ల డబ్బా ఒకటి తెరుచుకుంది. ముందు ఇంటి పైకప్పు కనిపించింది, తర్వాత ఒక గడ్డం, ఆ తర్వాత లావుపాటి కళ్లద్దాలు.

"దీన్ని ఎటు పట్టుకోవాలో నాకు తెలిసి చావదు... ఆ, కనిపిస్తున్నానా? మేడంగారూ, మీరంత ధైర్యంగా చెప్పేశాక నేను నోరు కుట్టుకుని కూర్చోలేనమ్మా. తాబేలుని నేనే. నేను నర్సుని కాదు. నర్సు అత్తగారిని."

"ఏంటీ!" అంది మేడం.

"పదోవాడు మీరా అమ్మా!" అని పక్కగదిలోంచి బాబాయి కేకేశాడు.

"నువ్వేనా గుడ్లగూబ? కష్టపడి చదువుకునే కుర్రాడనుకుని, బాగా చదివి పైకి రావాలని రోజూ దీవించాను కదరా!"

"మీ దీవెన తగలబట్టే వచ్చానండీ, మూడో అంతస్తు దాకా. అక్కణ్ణించే కింద పడ్డాను."

ఇంకో డబ్బా తెరుచుకుంది. ఒకాయన గరిట పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నన్ను కూడా క్షమించండి. కుందేలుని నేను. మా ఆవిడ బస్సు నడుపుతుంది. నేను బటన్ నొక్కి, రెండు మాటలు రాసి, కూర కలుపుకుంటా." కొంగ ఎవరో చూస్తే, బేకరీలో పనిచేసే విద్యార్థి ఇంట్లో అద్దెకుండే పెద్దాయన. ఉడుత ఒకరి వదిన. ఒకరి బావమరిది బొమ్మ కనపడకుండా గొంతుతోనే "నేను ముంగిసనండీ" అని ఒప్పేసుకున్నాడు.

హెడ్ సారు టై వదులు చేసుకున్నాడు. "ఇది క్లాసా, రైలు ప్లాట్‌ఫారమా? అసలు ఇందులో విద్యార్థి అనేవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

 ఒక మూలనుంచి సన్నని గొంతు. "నేనున్నాను సార్."

తెరుచుకున్న డబ్బాలో యూనిఫాం వేసుకున్న మనిషి. గోడౌన్ కాపలాదారు. "నేనొక్కణ్ణే అనుకుంటా సార్. నేనెప్పుడూ ఏమీ రాయలేదు. అందరూ అంత చురుగ్గా రాస్తుంటే, వీళ్ల ముందు నేనేం రాస్తానులే అని భయమేసింది."

ఆ మాటకి మేడంకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్న ఒక్క అసలు విద్యార్థీ కూడా, అత్తగార్లకీ బాబాయిలకీ జడిసి నోరు మూసుకున్నాడన్నమాట.

"అమ్మా," అంది తాబేలుతో, "మీరంతా ఎందుకు నొక్కారండీ?"

"బటన్ నొక్కినవాళ్లకే హాజరని మీరేగా అన్నారు. నొక్కేది ఎవరై ఉండాలో చెప్పలేదుగా! మా కోడలికి ఆరింటికి డ్యూటీ మారుతుంది. రోగుల్ని ఒప్పజెప్పి బయటపడేసరికి మీ క్లాసు అయిపోతుంది. హాజరు పోతే పరీక్ష రాయనివ్వరని భయపడి, పాత ఫోను నా చేతిలో పెట్టి వెళ్లింది. ఇంటికొచ్చాక మీ పాఠం కాగితాలు ముందేసుకుని తనే చదువుకుంటుంది పిచ్చిది."

"మా ఆవిడకీ అంతేనండీ," అన్నాడు గరిటాయన. "ఆరింటికి బస్సు వదిలి రమ్మంటే జనం కొడతారు."

"మరి నాకొక మాట చెప్పొచ్చుగా!"

"ఎప్పుడు చెప్పాలమ్మా?" అంది అత్తగారు, కోపంగా కాదు, ఉన్నమాటగా. "మీరు రాగానే వినిపిస్తోందా అంటారు. వినిపిస్తూనే ఉంది. కుదురుతోందా అని మీరు ఎవర్నీ అడగలేదు."



"ఆరు గంటలని పెట్టింది నేను," అన్నాడు హెడ్ సారు. "ఉద్యోగం చేసేవాళ్లు ఆరింటికి ఖాళీగా ఉంటారు కదా అని."

"ఏ ఉద్యోగం బాబూ?" అంది అత్తగారు.

 ఐదింటికి ఇంటికి చేరేది, ఆరింటికి కాలు మీద కాలేసుకుని కూర్చునేది హెడ్ సారు ఒక్కడే.

మేడం తలెత్తింది. "సార్, ఇవాళ్టి పాఠం నమూనాలో తప్పుల గురించి. ఈ టర్మంతా నేను చేసింది ఆ తప్పే. అడగాల్సినవాళ్లని అడగలేదు. ఈ బటన్ హాజరంతా కొట్టేస్తాను. ఒక్క వారం ఇవ్వండి. విద్యార్థులకి ఏ వేళ కుదురుతుందో వాళ్లనే అడిగి, ఆ వేళకి ఒక్క క్లాసు పెడతాను."

హెడ్ సారు చాలాసేపు తెర వైపు చూశాడు. పూల నిక్కరు మీద దిండు, గరిట, లావుపాటి కళ్లద్దాలు.

"సగం మంది కంటే ఎక్కువ రావాలి," అన్నాడు చివరికి. "అసలువాళ్లు. లేకపోతే అదే ఆఖరి క్లాసు, వచ్చే టర్ముకి వీడియోలే. నేను ఆ రోజు మాట్లాడను. ఒక మూల కూర్చుని చూస్తాను, అంతే."

మేడం ఈసారి బటన్ పెట్టలేదు. ఎవరికి వాళ్లు తమ గొంతుతో చెప్పి పంపమంది. గొంతులు వచ్చాయి. ఒకదాని వెనక ఆసుపత్రి బండి చక్రాలు కిర్రుమన్నాయి. ఒకదాని వెనక ఓవెన్ తలుపు ధడేలుమంది. బస్సు నడిపే ఆవిడ గొంతు వెనక ఎవరో "పోనియ్, పోనియ్" అని అరుస్తున్నారు. నర్సు గొంతు చివర్లో తగ్గిపోయింది. "మేడం... మా అత్తయ్య మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టారా?" మేడం ఆ ముక్క మళ్లీ మళ్లీ విని నవ్వుకుంది. టర్మంతా తను పాఠం చెప్పాల్సింది ఈ గొంతులకని అప్పుడు తెలిసింది.

ఎక్కువమంది చెప్పింది మధ్యాహ్నం రెండు. రాత్రి పనివాళ్లు నిద్రలేచే వేళ, పగటివాళ్లు భోజనాలకి కూర్చునే వేళ. ఎవరి బుర్రకీ తట్టని వేళ.

ఆ రోజుకి బాబాయి కాలికట్టు విప్పేశారు. మేడం ట్యాబు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "నువ్వు వంటింట్లో ఉంటావు. గిన్నెలు తోముతావు. నాకు నీ చేతులు రెండూ సబ్బునీళ్లలో కనపడుతుండాలి."

"నామీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

"లేదు."

"మంచిది. అబద్ధమాడటం లేదు నువ్వు," అని చొక్కా చేతులు మడుచుకున్నాడు.

రెండయింది. తెర నిండా నల్ల డబ్బాలు.  మేడం నోట్లోకి అలవాటుగా "వినిపిస్తోందా" వచ్చేసింది. మింగేసింది.

"అందరికీ కుదిరిందా?" అని అడిగింది.

ఒక డబ్బా తెరుచుకుంది. ఆసుపత్రి క్యాంటీను, బల్ల మీద పళ్లెం, పళ్లెం వెనక అలసిపోయిన నర్సు. "కుదిరింది మేడం. తింటూ వింటే ఏమీ అనుకోరుగా?" రెండోది తెరుచుకుంది. బుగ్గ మీద పిండి మరక, అప్పుడే నిద్రలేచిన కళ్లు. మూడోదాంట్లో డిపోలో నిలబెట్టిన బస్సు, డ్రైవరు సీట్లో ఆవిడ. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. కొన్ని డబ్బాలు నల్లగానే ఉండిపోయాయి. ఆ వేళకీ కుదరనివాళ్లు వాళ్లు. అయినా తెరుచుకున్నవి సగం దాటాయి. ఒక మూల కెమెరా లేని డబ్బా ఒకటి చప్పుడు చేయకుండా కూర్చుంది. అది హెడ్ సారిదని మేడంకి తెలుసు. ఆయన లెక్కపెట్టుకుంటున్నాడని కూడా తెలుసు.

మేడం గోడ తెరిచి ప్రశ్న పెట్టింది. "ఆరింటి క్లాసులో మన తప్పు ఏమిటి?"

గోడ ఖాళీగా ఉంది. ఎవరూ జోకులెయ్యలేదు. అసలువాళ్లకి రాయడం అలవాటు లేదు మరి. మేడం వంటింటి వైపు ఒక చూపు విసిరింది. బాబాయి మోచేతులదాకా నురగలో ఉన్నాడు. పెదాలు బిగబట్టి, పాపం, చాలా కష్టపడుతున్నాడు.

అప్పుడు ఒక చీటీ పడింది. పక్కన ఎలుగుబంటి బొమ్మ.

"మేడం, ఆరింటికి ఖాళీగా ఉన్న విద్యార్థిని నేనొక్కణ్ణే. నన్నొక్కణ్ణే చూసి అందరికీ ఖాళీ అనుకుంటే, బస్టాపులో అడిగినట్టే కదా? ఇది నా మొదటి చీటీ. తప్పయితే నవ్వకండి."

ఎవరూ నవ్వలేదు. నర్సు చెంచా పక్కనపెట్టి రాసింది. పిండి మరకాయన రాశాడు. డ్రైవరమ్మ రాసింది, "బస్టాపులో ఆ పదోవాడు నర్సుగారి అత్తగారట కదా, మా ఆయన ఇంట్లో రోజూ చెప్పేది అదే కథ" అని. మేడం ఒక్కొక్కటే చదువుతూ, ఒక్కొక్కరితో మాట్లాడుతూ పోయింది. పాతరోజులంత గోల లేదు. చీటీకీ చీటీకీ మధ్య జాగా ఉంది. ఆ జాగాలో వాళ్లు ఆలోచిస్తుండటం మొహాల్లో కనపడుతోంది.

అంతా సవ్యంగా సాగుతుండగా టప్పుమని ఇంకో చీటీ పడింది. పక్కన గుడ్లగూబ.

 మేడం మైకు ఆపి, "బాబాయ్!" అని అరిచింది.

"నేను కాదే!" వంటింట్లోంచి బాబాయి రెండు చేతులూ పైకెత్తాడు. నురగ కారి నెత్తిన పడుతోంది. "చూడు, ఒట్టు! ఎవరే అది? నా పేరు కొట్టేసిందెవరే?"

మేడం తెర వైపు తిరిగి చీటీ చదివింది.

"దయచేసి గమనించగలరు, తప్పు నమూనాకీ చిన్న నమూనాకీ తేడా నాకు సరిగ్గా అర్థం కాలేదు. మరొకసారి వివరించగలరా?"

రెండుసార్లు చదువుకుంది. ఆ ఉత్తుత్తి అకౌంటు కాలేజీదేనని, ఎవరు తెరిచినా వచ్చేది గుడ్లగూబేనని అప్పుడు గుర్తొచ్చింది. కెమెరా లేని ఆ మూల డబ్బా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"ఎవరో చెప్పవే!" అని బాబాయి గిలగిలలాడుతున్నాడు.

"కొత్త విద్యార్థి. నువ్వు గిన్నెలు చూసుకో," అని మైకు ఆన్ చేసింది. "గుడ్లగూబగారూ, మంచి ప్రశ్న అడిగారు. ఇంకెవరికైనా అర్థం కాకపోతే వాళ్లు కూడా వినండి. మళ్లీ మొదటినుంచి చెప్తాను."